మూడు ముళ్లకు ముందే చెప్పాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు. మూడేళ్లుగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాను. తెలిసినవాళ్లు చూస్తారన్న భయంతో వరంగల్ కాదని కరీంనగర్ వెళ్లి తెచ్చుకుంటున్నాను. ఇప్పుడు ఇంట్లో సంబంధం కుదిర్చారు. విషయం తెలిసిన మా పెదనాన్న ‘మూడు ముళ్లు పడేదాకా నోరు విప్పకు’ అంటున్నారు. కొత్తగా చేరబోయే కంపెనీ హెచ్‌ఐవీ పరీక్ష రిపోర్టు తెమ్మంటోంది. నేను ఎవరికి చెప్పాలి?
– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: ముందు మీ పెదనాన్న సలహా సంగతి చూద్దాం. మీకు ఎక్కువ నష్టం చేసేది అదే.

2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. న్యాయం కోసం అవసరమని కోర్టు ఆదేశిస్తే తప్ప, తన స్థితిని బయటపెట్టాలని ఎవరినీ బలవంతం చేయకూడదని దాని 8వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఊరికీ, మధ్యవర్తికీ, ఆఖరికి కాబోయే మామగారికీ మీరు సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

అమ్మాయి విషయం వేరు. కౌన్సెలింగ్ పొందిన వ్యక్తి ఎదుటివారికి వైరస్ సోకకుండా జాగ్రత్తపడాలని 10వ సెక్షన్ అంటుంది. ప్రమాదాన్ని తగ్గించే పద్ధతులు పాటించడం, లేదా కలయికకు ముందే చెప్పడం అందులో ఉన్నాయి. ఆ ‘లేదా’ చూసి పెదనాన్న సంబరపడవద్దు. మీది హిందూ వివాహమైతే, ముఖ్యమైన వాస్తవాన్ని దాచి సమ్మతి పొందారంటూ హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, మోసం తెలిసిన ఏడాదిలోపు ఆమె పెళ్లి రద్దు కోరవచ్చు. పైగా పెళ్లయ్యాక కూడా మీరు చెప్పరని తేలితే, ఆమెకు ప్రమాదం ఉందని భావించిన డాక్టరో, కౌన్సెలరో మీకు ముందుగా తెలిపి నేరుగా ఆమెకే చెప్పే వీలు హెచ్‌ఐవీ చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. ఆ మాట మీ నోటి నుంచి రావడమే మేలు కదా?

హెచ్‌ఐవీ ఉన్నవారికి పెళ్లి హక్కే లేదని కొందరు భయపెడతారు. 1998లో ఒక డాక్టరు కేసులో సుప్రీంకోర్టు అలాంటి వ్యాఖ్యలు చేసిన మాట నిజమే. ఆ కేసుకు అవి అవసరం లేనివని 2002లో ఆ కోర్టే తేల్చింది. ఆమెకు తెలిసి, ఇష్టపడితే మీ పెళ్లికి చట్టం అడ్డు కాదు.

ఆమె నలుగురికీ చెబితే? నమ్మకంతో చెప్పిన మాటను మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదన్న నిబంధన ఆమెకూ వర్తిస్తుంది. అయినా నలుగురూ చెప్పుకునే మాటలను ఆపడం చట్టానికి పూర్తిగా సాధ్యం కాదు, ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే పెద్దల మధ్య కాకుండా, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్ గదిలో ఆమె ఒక్కరితోనే మాట్లాడండి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు దగ్గర ఉంచుకోండి. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి తగ్గి అలాగే నిలిస్తే, కలయిక ద్వారా సోకదని డాక్టరే ఆమెకు వివరిస్తారు. మీరు పది మాటలు చెప్పేకంటే అది నయం.

ఇక కంపెనీ. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని హెచ్‌ఐవీ చట్టం 3వ సెక్షన్ నిషేధించింది. రిపోర్టు ఇవ్వకండి, గొడవా పడకండి. ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో రాసి ఇమ్మనండి. కాగితం మీద ఆ మాట పెట్టడానికి వెనకాడతారనే నా అంచనా. పెడితే, దాన్ని జతచేసి ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆయన 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. కోర్టుకు వెళ్లాల్సి వచ్చినా మీ పేరు రికార్డుల్లో కనిపించకుండా మారుపేరు కోరవచ్చు.