విల్లిచ్ జీవితం రాస్తున్న యువ రచయితకు

నాయనా,

నీ వ్యాసం చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది. కానీ ‘1849లో విప్లవం ఓడింది, అగస్ట్ విల్లిచ్ అమెరికా చేరి జనరల్ అయ్యాడు’ అని రాశావే, అక్కడ ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళ జీవితాన్ని ఒక్క గుక్కలో మింగేశావు.

ప్రష్యా ఫిరంగిదళంలో అధికారి, కొలువు వదిలి వడ్రంగం నేర్చుకున్నాడు. 1849లో జర్మనీలోని బాడెన్ తిరుగుబాటులో దళం నడిపాడు, ఏంగెల్స్ అతని సహాయకుడిగా పనిచేశాడు. ఓడి, లండన్ చేరి, 1850లో మార్క్స్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. 1853లో అమెరికా వచ్చి బ్రూక్లిన్ నౌకా నిర్మాణశాలలో మళ్ళీ వడ్రంగే. తరవాత తీరప్రాంత సర్వే, ఆ తరవాత సిన్సినాటిలో జర్మన్ పత్రికకు సంపాదకత్వం. అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక 1861లో ఉత్తరాది సైన్యంలో చేరేసరికి యాభై దాటాయి. జర్మన్ కార్మికులు అతని వెనక ఎందుకు నడిచారో ఈ ఏళ్ళే చెబుతాయి. నువ్వేమో ‘సింహంలా గర్జించాడు’ అంటున్నావు.

గర్జన వద్దు, పని రాయి. షైలో యుద్ధం రెండో రోజు, 1862 ఏప్రిల్ 7న, అతను నడిపే జర్మన్ల దళం, 32వ ఇండియానా, తడబడింది. విల్లిచ్ శత్రువుకు వీపు పెట్టి తనవాళ్ళ ఎదుట నిలబడి, తూటాల మధ్యే తుపాకీ డ్రిల్లు చేయించాడు. అలవాటైన కదలికలతో చేతులు కుదుటపడ్డాయి, చేతుల వెంట మనసూ కుదుటపడింది. అప్పుడు ముందుకు నడిపించాడు.

1863 జూన్‌లో టెనెస్సీలోని లిబర్టీ గ్యాప్ దగ్గర జరిగిందాన్ని ‘అద్భుత వ్యూహం’ అని వదిలేశావు. ఏమిటా అద్భుతం? ఆనాటి తుపాకీని మూతివైపు నుంచి నింపాలి. కాగితపు తూటా పళ్ళతో చింపి, మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి, మందు అంటించే చిన్న క్యాపు పెట్టాలి. చేయి తిరిగినవాడికైనా నిమిషానికి మూడు సార్లు పేల్చడమే గొప్ప. నింపుతున్నంతసేపూ వరస నిస్సహాయం: నిలబడితే శత్రువుకు గురి, పరిగెత్తితే నింపడం కుదరదు. అందుకని నాలుగు వరసలు. ముందు వరస పేల్చి, ఉన్నచోటే నింపుకుంటుంది. వెనక వరస దాన్ని దాటి కొన్ని అడుగులు ముందుకొచ్చి పేలుస్తుంది. తరవాత మూడోది, నాలుగోది. మొదటివాళ్ళ వంతు తిరిగొచ్చేసరికి తుపాకులు సిద్ధం. కాల్పులూ ఆగవు, నడకా ఆగదు. ఒక వరస తొందరపడితే సొంతవాళ్ళ తుపాకుల ముందే పడుతుంది. అందుకే అంత డ్రిల్లు. ఆ హోరులో గొంతు వినపడదని బూర సంకేతాలూ నేర్పాడు. రాసేముందు అగ్గిపుల్లలు నాలుగు వరసలుగా పేర్చి జరిపి చూడు.

‘డ్రిల్లు ఎవరు చదువుతారండీ, రక్తం ఉండాలి’ అంటూ ఇలాంటి పేజీలే కోసేసే సంపాదకులున్నారు. వాళ్ళ కత్తెర వల్లే మన జీవితచరిత్రలు స్తోత్రాలయ్యాయి. లొంగకు.

అంతకు ఆరు నెలల ముందు, టెనెస్సీలోనే స్టోన్స్ రివర్ యుద్ధంలో శత్రువుకు పట్టుబడటాన్ని విధికి అంటగట్టావు. 1862 డిసెంబరు 31 పొద్దున్నే అతను డివిజన్ అధిపతి దగ్గరికి వెళ్ళాడు. దాడి ఆ సమయంలోనే వచ్చింది. అతని కింద ఉన్న బ్రిగేడు నాయకుడు లేక చెదిరింది. తిరిగి వస్తూ శత్రువుల్లోకే వెళ్ళాడు, గుర్రం కూలింది. దక్షిణాది రాజధాని రిచ్మండ్‌లోని లిబ్బీ జైలు, 1863 మేలో విడుదల. కారణం ఇంత స్పష్టంగా ఉంటే విధి ఎందుకు?

మార్క్స్‌ను దుర్మార్గుణ్ణి చేయకు. విల్లిచ్ ఉత్త స్వాప్నికుడు కాదని అంతర్యుద్ధంలో రుజువైందని 1875లో మార్క్సే రాశాడు. అది చేర్చు. 1870లో ఇదే విప్లవకారుడు ప్రష్యా తరఫున ఫ్రాన్సుతో పోరాడతానని వెళ్ళాడు, తీసుకోలేదు, బెర్లిన్‌లో తత్వశాస్త్రం చదువుకున్నాడు. నాయకుడికి మచ్చ అనుకుని దాచినట్టున్నావు. పెట్టు.

చివర ఏడుపు పేరా తీసేసి, ‘1878 జనవరి 22న ఒహాయోలోని సెయింట్ మేరీస్‌లో చనిపోయాడు’ అని రాసి ఆపు.