గండికోటలో గంట సరిపోదు అల్లుడూ

అల్లుడూ, తిరుపతి పోతూ దారిలో గండికోట దగ్గర ఒక గంట ఆగుతామన్నావంట, అక్క చెప్పింది. గంటకైతే ఆగొద్దు రా, నేరుగా తిరుపతి పో. ఆగితే మాత్రం ఒక రాత్రి ఉండు.

నేను మొదటిసారి మిట్టమధ్యాహ్నం పోయా. రాళ్లు పెనంలా కాలుతున్నాయి, నీడ అనేదే లేదు, ఎండకి కళ్లు చిట్లించుకుని లోయ చూసి ఇంతేనా అనుకుని వచ్చేశా. రెండోసారి తెల్లారకముందే పోయి కూర్చుంటే అప్పుడు తెలిసింది, ముందు అంతా బూడిద రంగే, తర్వాత అవతలి గట్టు పైఅంచు ఎర్రబడి ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగుతా ఉంటే ఎవరో ఇటుకలు పేర్చినట్టున్న ఆ రాళ్లు ఒక్కోటీ విడిగా కనపడతాయి, అడుగున పెన్నా పచ్చగా కదలకుండా ఉంటది. కొండని నది కోసిన సందునే గండి అంటాం కదా, ఊరి పేరు అదే.

అందుకని ఇలా చెయ్యి. పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి కర్నూలు, బనగానపల్లె మీదుగా రా, కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు తగులుతాయి, ఎండ టైమ్ అక్కడ గడిపెయ్. మొత్తం గుహ 3,229 మీటర్లు, జనాన్ని పంపేది అందులో సగం లోపే, అయినా లోపల ఉక్కకి చొక్కా తడిసిపోద్ది, నీళ్లు పట్టుకెళ్లు. జమ్మలమడుగులో పెట్రోల్ కొట్టించుకో, అక్కడి నుంచి కోట 15 కిలోమీటర్లే. సాయంత్రం కోటలో మాధవరాయస్వామి గుడి, మసీదు, ధాన్యాగారం తిరగండి, లోయ పొద్దున చూడొచ్చు. రూమ్ మాత్రం ముందే బుక్ చెయ్, వీకెండ్ అయితే మరీను.

ఇక అసలు సంగతి. చెప్పులేసుకుని అంచుకి పోవద్దు, బూట్లే. రాళ్ల మీద సన్న గులకరాళ్లుంటాయి, కాలేస్తే బేరింగుల్లా జారతాయి. నేను అలానే జారి కూలబడ్డా, చేతిలో వాటర్ బాటిల్ దొర్లుకుంటూ అంచు దాటింది, చప్పుడు వినపడుతుందేమోనని చూశా, వినపడలేదు. లోతు 300 అడుగుల దాకా ఉంటది మరి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేసే అలవాటు నీకుంది, నీ పెళ్లి ఫొటోల్లోనే చూశాం కుర్చీ మీద పడ్డావ్. పాపని మాత్రం అంచు దగ్గర ఎత్తుకోవద్దు, కూర్చోబెట్టి చెయ్యి పట్టుకో. పొద్దున చీకట్లో నడవాలి కాబట్టి టార్చ్ పెట్టుకో, ఫోన్ లైట్ సరిపోదు.