ఒకే పేరు, రెండు వాల్వులు

సాంకేతిక సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో పైపింగ్ ఫ్యాబ్రికేషన్ చేసే ఒక చిన్న సంస్థలో డ్రాయింగ్ విభాగాన్ని చూస్తున్నాను. మేము ఆరుగురం ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాము. వాల్వులు, పంపులు, గేజీల సింబళ్లను ఎవరి కంప్యూటర్‌లో వారు దాచుకున్నారు. పాత డ్రాయింగులోంచి కాపీ చేసి కొత్తదానిలో పేస్టు చేయడమే మా అలవాటు. ఈ మధ్య పరవాడ ఫార్మా కర్మాగారం పనిలో ఒక షీటు మీద గ్లోబ్ వాల్వు పెట్టిన చోటల్లా గేట్ వాల్వు కనిపించింది. పెట్టిన అబ్బాయి తాను గ్లోబ్ వాల్వునే పేస్టు చేశానని గట్టిగా చెబుతున్నాడు. ఇది ఎలా జరిగింది? అందరికీ ఒకే సింబళ్ల లైబ్రరీ ఉండాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ఆ అబ్బాయి చెప్పింది నిజమే అయి ఉంటుంది, దయచేసి అతణ్ణి తప్పుపట్టకండి. ఆటోక్యాడ్‌లో బ్లాక్ అంటే డ్రాయింగు ఫైలు లోపల ఒక పేరు కింద దాచిన నిర్వచనం. షీటు మీద మనకు కనిపించే ప్రతి వాల్వూ ఆ నిర్వచనాన్ని చూపించే గుర్తు మాత్రమే. ఒక ఫైలులో ఒక పేరుకు ఒకే నిర్వచనం ఉంటుంది. మీ కొత్త డ్రాయింగులో ‘వాల్వ్’ అనే పేరుతో అప్పటికే గేట్ వాల్వు ఉండి, మరొక డ్రాయింగులో అదే పేరుతో గ్లోబ్ వాల్వు ఉంటే, రెండవదాన్ని తెచ్చి పేస్టు చేసినప్పుడు ఆటోక్యాడ్ కొత్త నిర్వచనాన్ని పక్కనపెట్టి, ముందునుంచీ ఉన్నదానినే చూపిస్తుంది. నకలు నిర్వచనాన్ని వదిలివేశానని కమాండ్ లైనులో ఒక్క వరుస వస్తుంది, అంతే. పని ఒత్తిడిలో ఆ వరుసను చదివేవారు అరుదు. రెండు సింబళ్లకూ తేడా నడుమ నింపిన చిన్న వృత్తం మాత్రమే కాబట్టి తెర మీద కన్ను కూడా సులభంగా పోల్చుకోలేదు. కానీ ఆ షీటును చూసి వాల్వుల జాబితా తయారుచేసి ఆర్డరు పెట్టే స్టోర్సు వారికి అది పూర్తిగా వేరే సరుకు.

అందువల్ల లైబ్రరీ పనిని ఫోల్డర్లతో కాక పేర్లతో మొదలుపెట్టమని నా సలహా. ఆరుగురి దగ్గరున్న సింబళ్లన్నింటినీ ఒకే పెద్ద షీటు మీద వరుసగా పరిచి, ప్రతి దాని కింద దాని పేరు రాసి, ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకొని కూర్చోండి. ఒకే పేరుతో వేర్వేరు బొమ్మలు, ఒకే బొమ్మకు వేర్వేరు పేర్లు అప్పుడు బయటపడతాయి. ‘వాల్వ్’, ‘వాల్వ్1’, ‘కొత్త వాల్వ్’ వంటి పేర్లను తీసివేసి, విభాగం, వస్తువు, రకం తెలిసే పేర్లు పెట్టి, ముందు మీ సంస్థ గుర్తుగా రెండు అక్షరాలు చేర్చండి. అలా చేస్తే క్లయింటు పంపిన ఫైలులోని పేర్లతో మీ పేర్లు ఢీకొనే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. బొమ్మల విషయంలో సొంత అభిరుచికి తావివ్వవద్దు. ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు (కొలత, నియంత్రణ పరికరాలకు) ఐఎస్ఏ 5.1, విద్యుత్ పనులకు ఐఈసీ 60617 ప్రమాణాలు ఉన్నాయి. క్లయింటు తన లెజెండ్ షీటు (సింబళ్ల అర్థాలు తెలిపే పట్టిక) ఇస్తే ఆ పనికి అదే ప్రమాణం.

తరువాత ప్రతి సింబల్‌నూ ఒకసారి శుభ్రంగా తిరిగి కట్టాలి. గీతలన్నీ సున్నా లేయర్‌లో (లేయర్ అంటే డ్రాయింగులో ఒక పొర), రంగు ‘బైలేయర్’గా, అంటే లేయర్ రంగునే అనుసరించేలా ఉంటే, సింబల్ ఏ లేయర్ మీద పెడితే ఆ లేయర్ రంగునే తీసుకుంటుంది; ఎర్ర రంగును గీతకే అంటగట్టి కట్టిన బ్లాకు ఎక్కడికి వెళ్లినా ఎర్రగానే ఉండి ప్లాటింగులో చిక్కు తెస్తుంది. ఫైలు యూనిట్లను మిల్లీమీటర్లుగా స్పష్టంగా నిర్ణయించండి. అంగుళాలని నమోదైన సింబల్‌ను మిల్లీమీటర్ల డ్రాయింగులోకి తెస్తే ఆటోక్యాడ్ దాన్ని 25.4 రెట్లు పెంచి పెడుతుంది. ‘ఈ పంపు షీటంతా ఆక్రమించిందేమిటి’ అని మనవాళ్లు తల పట్టుకునేది చాలాసార్లు ఇందుకే.

సింబల్‌ను షీటు మీద పెట్టేటప్పుడు పట్టుకునే బిందువైన బేస్ పాయింటు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీనివల్ల నేను స్వయంగా ఇబ్బంది పడ్డాను. నేను పనిచేసిన ఒక డిజైన్ కార్యాలయంలో ఒక సహోద్యోగి వాల్వు సింబల్‌ను అందంగా తిరిగి గీసి అదే పేరుతో భద్రపరిచాడు. పాతదానికి పట్టుకునే బిందువు వాల్వు నడుమ ఉండేది. అతను దాన్ని ఫ్లాంజి (వాల్వును పైపుకు బిగించే చివర) అంచున పెట్టాడు. కొత్త నిర్వచనాన్ని డ్రాయింగులోకి తేగానే అన్ని వాల్వులూ తమ పొడవులో సగం మేర పక్కకు జరిగాయి. ఒక పక్క పైపు గీత వాల్వు కడుపులోంచి దూసుకుపోయింది, మరోపక్క ఖాళీ మిగిలింది. షీట్లు సైటుకు పంపే ముందు రోజు సాయంత్రం ప్రింటు మీద చూశాను. అన్నీ సరిచూసుకోవడానికి రెండు రోజులు పట్టింది. వరుసలో కూర్చునే వాల్వులన్నింటికీ బేస్ పాయింటు నడుమనే ఉండాలన్న నియమం మేము ఆ తరువాత రాసిపెట్టుకున్నాము.

ఇక అసలు విషయం. లైబ్రరీ ఫైలులో సింబల్‌ను మార్చినంత మాత్రాన పాత డ్రాయింగుల్లో అది మారదు. ప్రతి డ్రాయింగు తన సొంత నకలును మోస్తూనే ఉంటుంది. ఇతర ఫైళ్లలోని బ్లాకులను చూపే డిజైన్ సెంటర్ కిటికీలో ఆ బ్లాకుపై మౌస్ కుడి బటన్ నొక్కి ‘రీడిఫైన్ ఓన్లీ’ ఎంచుకుంటే తెరిచి ఉన్న డ్రాయింగులో కొత్త బొమ్మ వస్తుంది. ట్యాగ్ నంబరు వంటి కొత్త ఆట్రిబ్యూట్ (సింబల్‌కొకటిగా నింపే అక్షరాల గడి) చేర్చి ఉంటే, ఇంతకుముందు పెట్టిన సింబళ్లకు అది అందడానికి ‘అట్‌సింక్’ కమాండు కూడా ఇవ్వాలి. అది మీరు నింపిన నంబర్లను చెరపదు గానీ, చేత్తో జరిపిపెట్టిన అక్షరాల స్థానాలను మొదటికి తెస్తుంది. నా అభిప్రాయంలో, సింబల్ రూపంలో లోపాన్ని దిద్దితే పాత పేరునే ఉంచాలి, దాని అర్థం మారితే కొత్త పేరు పెట్టాలి. సైటుకు ఒకసారి విడుదలైన డ్రాయింగును మాత్రం రివిజన్ లేకుండా ముట్టుకోకూడదు, ఎంత చిన్న దిద్దుబాటైనా సరే.

ఆరుగురి కార్యాలయానికి విభాగానికి ఒక లైబ్రరీ ఫైలు చాలు; సింబల్‌కొక ఫైలు అవసరం లేదు. దాన్ని సర్వర్ మీద అందరికీ చదవడానికి మాత్రమే అనుమతి ఉండేలా పెట్టి, మార్చే హక్కు ఒక్కరికే ఇవ్వండి. సింబళ్లను ఎంచుకోవడానికి తెర పక్కన ఉంచుకునే టూల్ పాలెట్లు ఆ ఫైలు దారిని గుర్తుపెట్టుకుంటాయి కనుక, అందరి యంత్రాల్లోనూ సర్వర్ డ్రైవుకు ఒకే అక్షరం ఉండాలి, ఫోల్డరు ఒకసారి పెట్టాక కదలకూడదు.

ప్రశ్న: మేము ఇళ్ల ప్లాన్లు గీస్తాము. 750, 900, 1000 మిల్లీమీటర్ల తలుపులకు వేర్వేరు బ్లాకులు ఉంచుకోవాలా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

సమాధానం: అవసరం లేదమ్మా. ఆటోక్యాడ్ 2006లో వచ్చిన డైనమిక్ బ్లాకుతో (పెట్టాక కొలతలు మార్చుకోగల బ్లాకు) ఒకే తలుపుకు ఈ మూడు వెడల్పులనూ జాబితాగా ఇవ్వవచ్చు. తలుపు ఎడమకు తెరుచుకోవాలా కుడికా అన్నది కూడా అందులోనే పెట్టవచ్చు. అయితే వేరే సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫైలు పంపినప్పుడు అక్కడ అది మామూలు బొమ్మగా మాత్రమే కనిపించే అవకాశం ఉంది. వెడల్పు మార్చాల్సి వస్తే అది మా దగ్గరే చేయాలని ఆయనకు ముందే చెప్పి పంపండి.

ప్రశ్న: మా కార్యాలయం ద్వారకానగర్ నుంచి సిరిపురానికి మారింది. వందల షీట్ల టైటిల్ బ్లాకులో (షీటు వివరాలు రాసే గడిలో) చిరునామా మార్చాలి. ముందుముందు ఈ బాధ తప్పే దారి ఉందా?
– ఒక పాఠకుడు, సిరిపురం

సమాధానం: ఉంది. అంచు, లోగో, చిరునామా కలిపి ఒక ఫైలుగా చేసి, ప్రతి షీటుకూ ఎక్స్‌రెఫ్‌గా, అంటే నకలు కాకుండా బయటి ఫైలుకు లంకెగా, జతచేయండి. అప్పుడు ఆ ఒక్క ఫైలులో మారిస్తే, షీటు తెరిచినప్పుడల్లా కొత్త చిరునామాయే వస్తుంది. షీటు నంబరు, తేదీ, రివిజన్ మాత్రం షీటుకొకటి మారేవి కాబట్టి వాటిని ఎక్స్‌రెఫ్‌లో పెట్టకుండా, ఆట్రిబ్యూట్లు ఉన్న చిన్న బ్లాకుగా విడిగా ఉంచండి. క్లయింటుకు ఫైళ్లు పంపేటప్పుడు ఎక్స్‌రెఫ్ ఫైలునూ వెంట పంపడం మరచిపోతే అవతల షీటు అంచు లేకుండా తెరుచుకుంటుంది. ‘ఈట్రాన్స్‌మిట్’ కమాండు ఆ రెంటినీ కలిపి కట్టిస్తుంది.