సర్కారు ఒకటే, దొరలు ముగ్గురు

తమ్ముడూ,

నువ్వు పంపిన గేమ్ సినారియో చదివాను. యుద్ధాల భాగం బాగుంది, దాని జోలికి పోను. నాకు మింగుడుపడనిది మ్యాపే. ఉత్తర సర్కార్లకు, అంటే మన కోస్తా జిల్లాలకు, ఈస్టిండియా కంపెనీ రంగు పూసేసి, పక్కన ‘సామంతం: అవును/కాదు’ అని ఒక గడి పెట్టి ఊరుకున్నావు.

అసలు జరిగింది చూడు. 1765లో మొగలు పాదుషా షా ఆలం ఆ సర్కార్లను కంపెనీకి రాసిచ్చాడు. అక్కడ ఆయనకు పైసా కట్టేవాడు లేడు. అయినా ఆ ఫర్మానా పట్టుకునే కంపెనీ మరుసటి ఏడు కొండపల్లి కోటలో దిగింది. అవి తనవనుకునే హైదరాబాదు నిజాం అలీ మండిపడ్డాడు. చివరికి ఆ ఏడే ఒప్పందం కుదిరి, కంపెనీ ఆయనకు ఏటా పేష్కష్ (కప్పం) కడతానంది. అంటే శిస్తు వసూలు కంపెనీది, పేష్కష్ నిజాంకి, ఆ నిజాం నాణేల మీద పేరేమో ఢిల్లీ పాదుషాది. ఎవరు ఎవరికి సామంతులో ఒక్క గడిలో ఎలా చెబుతావు? కాగితం, వసూలు, నాణెం మీద పేరు, ఈ మూడూ విడివిడిగా రాసుకో. ఒక్క యుద్ధంతో మూడూ చేతులు మారితే ప్లేయర్‌కి బేరమాడే పనే ఉండదు.

గుంటూరు సంగతి ఇంకా తమాషా. నిజాం సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం అది ఆయనదే, తర్వాత కంపెనీది అని మాట. ఆయన 1782లో పోయాడు. కంపెనీ చేతికొచ్చింది మాత్రం 1788లో! నీ ఆటలో ఒక ప్రాంతం మీద క్లెయిమ్‌కి (హక్కుకి) గడువు పెట్టావు గానీ, ఒకరి చావుతో మొదలై ఆపైన ఏళ్లకేళ్లు నానే హక్కుకి చోటు పెట్టలేదు.

ఇక సామంతులకు 0 నుంచి 100 దాకా ‘విధేయత’ మార్కులు. విజయనగరం విజయరామరాజుకు ఎన్ని వేస్తావు? 1757లో ఆయన ఫ్రెంచి సేనాని బుస్సీకి కావలసినవాడు. ఆ చనువుతోనే ఫ్రెంచి ఫిరంగుల్ని తన పాత పగ మీదికి, బొబ్బిలి మీదికి తిప్పించాడు. తాండ్ర పాపారాయుడు ఆయన్ని చంపాక గద్దెనెక్కిన ఆనందరాజు, మరుసటి ఏడు విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. నా మాట విని ఆ మార్కులు తీసేయ్. ఎవరికి ఎవరి మీద పగ, ఎవరికి ఎంత బాకీ అని రాసుకుంటే చాలు, మిగతాది ఆటలో అదే పుడుతుంది.

ఇంకొక్కటి. 1823లో కంపెనీ డబ్బిచ్చి నిజాం హక్కును ఏకంగా కొనేసింది. నీ ఆటలో అన్నిటికీ యుద్ధం బటనే ఉంది, కొనుగోలు బటన్ లేదు. అది పెట్టి మళ్లీ పంపు, ఈసారి నిజాం వైపు నుంచి ఆడి చూస్తాను.

మీ అన్నయ్య