సీల్డ్ మినియేచర్స్ టోర్నమెంట్: డబ్బాలు విప్పాక ముందు దేన్ని చూడాలి?

మీరు మూడు విషయాలు అడిగారు. బెంగళూరులో ఒక బోర్డ్ గేమ్ కెఫేలో పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ మినియేచర్స్‌తో, అంటే చిన్న ప్లాస్టిక్ బొమ్మలతో ఆడే యుద్ధం ఆటతో, సీల్డ్ టోర్నమెంట్ పెడుతున్నారు, అక్కడికక్కడ విప్పిన డబ్బాల్లో వచ్చిన బొమ్మలతోనే ఆడాలంటున్నారు, మరి ఇదంతా అదృష్టమేనా అన్నది మొదటిది. సైన్యం కట్టుకోవడానికి ఇచ్చే కాసేపట్లో ఏం చూసుకోవాలి అన్నది రెండోది. మీ పన్నెండేళ్ల అమ్మాయిని వెంట తేవచ్చా అన్నది మూడోది. ఈ ఆటను నేను ఇక్కడ ఇందిరానగర్‌లోనూ కోరమంగళలోనూ ఆడాను. సీల్డ్ పద్ధతి అంటే నాకు ప్రాణం, కాబట్టి జవాబు కాస్త పొడుగే అవుతుంది.

అదృష్టం వాటా ఉందండీ. లేదని ఎవరన్నా చెబితే నమ్మకండి. కాకపోతే అది అందరూ అనుకునే చోట లేదు. పెద్ద రేర్ బొమ్మ పడితే గెలుపు, పడకపోతే ఓటమి అనుకుంటారు కొత్తవాళ్లు. నేను చూసినంతలో పైకొచ్చేవాళ్లు వేరు. పడినవాటిలో నుంచి ఒక మంచి కమాండర్‌ని, అతని చుట్టూ నిలబడేటంతమంది చవక సైనికుల్ని ఏరుకున్నవాళ్లే చివరి రౌండ్లలో పై బల్లల దగ్గర కనిపిస్తారు. ఎందుకో లెక్కతో చెబుతాను.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. రంగులేసిన ప్లాస్టిక్ బొమ్మల్ని ఏమొస్తుందో తెలియని డబ్బాల్లో అమ్మే పద్ధతిని 2000లో విజ్‌కిడ్స్ కంపెనీ వాళ్ల మేజ్ నైట్ అనే ఆట బాగా పాపులర్ చేసింది. 2003లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ హార్బింజర్ అనే సెట్‌తో ఇదే దారిలోకి దిగింది. ఆ రోజుల బూస్టర్ డబ్బాలో 8 బొమ్మలుంటాయి: ఒక రేర్, మూడు అన్‌కామన్, నాలుగు కామన్. ప్రతి బొమ్మతో పాటు ఒక స్టాట్ కార్డు వస్తుంది. దాని ఒక వైపు ఈ యుద్ధం ఆటకు, రెండో వైపు మామూలు రోల్ ప్లేయింగ్ ఆటకు, అంటే పాత్రల్లో దూరి కథలా ఆడేదానికి, పనికొస్తుంది. 2011లో ఈ శ్రేణిని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అందుకే సీలు విప్పని డబ్బాలు ఇప్పుడు దొరకడమే గగనం. ఎవరో ఒకరు ఏళ్ల తరబడి దాచుకున్నవి, విదేశాల నుంచి తెప్పించినవి బయటికి తీసి టోర్నమెంట్ పెడితేనే మనకు ఆడే భాగ్యం. వాళ్లకు దణ్ణం పెట్టాలి, నిజంగా.

నిర్వాహకుల్ని ముందే ఒక మాట అడిగి పెట్టుకోండి: 2003 నియమాలా, 2008లో మార్చిన నియమాలా? 2008లో ధైర్యపరీక్ష, అంటే మొరాల్ సేవ్, తీసేశారు. అది లేకపోతే నేను కింద చెప్పే కమాండర్ లెక్క చాలావరకు చెల్లదు. ఇక్కడ నేను ఆడినవన్నీ పాత నియమాలతోనే, మనిషికి రెండు డబ్బాలు, 100 పాయింట్ల సైన్యం (ప్రతి బొమ్మకూ పాయింట్లలో ఒక ఖరీదుంటుంది, మొత్తం 100 దాటకూడదు). బొమ్మలకు వర్గాలు నాలుగు, మంచి వైపు రెండు, చెడు వైపు రెండు. మంచి వైపువి రెండూ ఒకదాంతో ఒకటి కలపొచ్చు, చెడు వైపువి రెండూ అలాగే. ఇది మా నిర్వాహకులు పెట్టుకున్న సడలింపు. మీ దగ్గర ఎలా ఉందో కనుక్కోండి.

ఇప్పుడు డబ్బాలు విప్పారు, పదహారు బొమ్మలు బల్ల మీద ఉన్నాయి. అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో స్థిరపడిన ఓ పెద్దాయన నా మొదటి టోర్నమెంట్లో పక్క బల్ల దగ్గర ఉన్నారు. నేను రేర్ బొమ్మను తిప్పి తిప్పి చూస్తుంటే, "అబ్బీ, దాన్ని అట్ల పక్కన పెట్టు. నాయకుడు ఎవురున్నాడో సూడు ముందు," అన్నారు. ఆ ఒక్క ముక్కే ఇప్పటికీ పాటిస్తాను. రమ్మీ ఆడేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చేతిలో ఎన్ని జోకర్లు పడినా, జోకర్ లేని సీక్వెన్స్ ఒకటి కుదిరేదాకా మిగతా ముక్కలకు విలువ లేదు. ఇక్కడ ఆ సీక్వెన్స్ కమాండరే.

కారణం ఇదీ. పాత నియమాల్లో ఏ బొమ్మకైనా ప్రాణం సగానికో అంతకంటే కిందకో పడిపోతే ధైర్యపరీక్ష చేయాలి. ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి ఆ బొమ్మ లెవెల్ కలిపితే 20 రావాలి. రాకపోతే అది యుద్ధం వదిలి పరుగు. లెవెల్ 3 సైనికుణ్ణి తీసుకోండి. ఒంటరిగా ఉంటే పాచికపై 17 లేదా అంతకంటే ఎక్కువ పడాలి, అంటే ఇరవైలో నాలుగు ముఖాలు, 20 శాతం. అదే 4 రేటింగ్ ఉన్న కమాండర్ ఆరు గడుల లోపల, చూపు ఆనే చోట ఉంటే ఆ 4 కూడా కలుస్తుంది. ఇప్పుడు 13 పడితే చాలు, ఎనిమిది ముఖాలు, 40 శాతం. నిలబడే అవకాశం రెట్టింపయింది. పైగా ప్రతి రౌండ్ మొదట్లో ఎవరు ముందు కదలాలో తేల్చే పాచికకూ ఇదే రేటింగ్ కలుస్తుంది. ఒక్క బొమ్మ కొంటే ఇన్ని పనులు చేస్తోంది. డబ్బాలో పడిన కమాండర్లలో రేటింగ్ ఎక్కువున్న వాణ్ణి, అతని పాయింట్ల ఖరీదు మరీ కన్నెర్ర చేసేలా లేకపోతే, కళ్లు మూసుకుని తీసుకోండి.

కమాండరే పడకపోతే? అలాంటప్పుడు ఫియర్‌లెస్ అని రాసి ఉన్న కార్డులు వెతకండి. అస్థిపంజరాల్లాంటి వాటికి ధైర్యపరీక్షే ఉండదు, చచ్చేదాకా అక్కడే ఉంటాయి. ఎందుకూ పనికిరాని కామన్ బొమ్మలని చాలామంది వాటిని డబ్బాలోకే తోసేస్తారు. నాకైతే అవి కనబడితే పండగే.

రెండో లెక్క తలల లెక్క. ఈ ఆటలో ఒక ఆటగాడు తన వంతులో రెండు బొమ్మల్ని కదిపి, ఆపై వంతు ఎదుటివాళ్లకు ఇస్తాడు. మీ దగ్గర ఎనిమిది, అవతలి వైపు నాలుగు ఉన్నాయనుకోండి. అవతలి మనిషికి రౌండుకు రెండే వంతులు. అవి అయిపోయాక మీవి నాలుగు బొమ్మలు ఇంకా కదలకుండా మిగిలి ఉంటాయి. వాటితో మీరు ఏం చేసినా ఆ రౌండులో తిరిగి జవాబు చెప్పే బొమ్మ అతని దగ్గర లేదు. మీ గట్టి బొమ్మను చివరిదాకా దాచి, ఆఖరి వంతులో దాడికి దింపి, తర్వాతి రౌండు పాచిక మీరే గెలిస్తే అదే బొమ్మ వెంటనే మళ్లీ కొడుతుంది. మధ్యలో ఎదుటివాడికి ఊపిరాడదు. పెద్ద రేర్ కోసం పాయింట్లలో సగం తగలేసినవాడు ఈ సౌకర్యం మొత్తం వదులుకున్నట్టే.

చవక బొమ్మలకు ఇంకో ప్రయోజనం ఉంది. చనిపోయిన బొమ్మ ఖరీదెంతో అన్ని పాయింట్లు ఎదుటివాడి ఖాతాలో పడతాయి. మూడు నాలుగు పాయింట్ల గాబ్లిన్ చనిపోతే పోయిందేముంది? పైగా బాణాలు, మంత్రాలు కనబడే శత్రువుల్లో అతి దగ్గరివాడి మీదే వేయాలన్న నియమం ఉంది. ఆ గాబ్లిన్‌ను ముందు నిలబెడితే వెనకున్న కమాండర్ మీద బాణం పడదు. అలాగని అన్నీ చవకవే కట్టమనడం లేదు. గట్టిగా కొట్టే చేయి కనీసం ఒకటైనా లేకపోతే కవచం మందంగా ఉన్న బొమ్మ ముందు మీ గుంపంతా గంటసేపు గోడకు తల కొట్టుకుంటుంది. దాడికి +6 ఉన్న సైనికుడికి ఏసీ (కవచం అంకె; పాచికా, దాడి అంకే కలిపి దాన్ని అందుకోవాలి) 18 మీద కనీసం 12 పడాలి, 45 శాతం. ఎదురెదురు వైపుల నుంచి ఇద్దరు చుట్టుముడితే +2 కలిసి 55 శాతం. ఇద్దరిలో ఒకరి దెబ్బయినా తగిలే అవకాశం దాదాపు 80 శాతం. నా దృష్టిలో ఒక కమాండర్, ఒకరిద్దరు కొట్టేవాళ్లు, మిగతా అంతా చవక జనం, ఇదే సీల్డ్‌లో మంచి కూర్పు.

కోరమంగళలో ఆడిన ఒక గేము చెబుతాను. ఎదురుగా ఒక కన్నడ అబ్బాయి, ఆటలో నాకంటే పాతకాపు. అతనికి లెవెల్ 6 రాక్షసుడు ఒకడు పడ్డాడు, అరచేతిలో పట్టనంత బొమ్మ, చుట్టుపక్కల బల్లల వాళ్లు కూడా వచ్చి చూసిపోయారు. 100లో సగం పాయింట్లు వాడికే. నా వైపు ఒక ఓర్క్ కమాండర్, నాలుగు అస్థిపంజరాలు, మరి కొన్ని చిల్లర బొమ్మలు. రాక్షసుడు మొదటి రౌండులోనే ఛార్జ్ చేసి వచ్చి ఒక అస్థిపంజరాన్ని పిండి చేశాడు. కానీ అంత దూరం ఒక్కసారే దూకడంతో అతని కమాండర్ ఎక్కడో వెనక స్తంభం చాటున ఉండిపోయాడు. నేను మిగతా మూడు అస్థిపంజరాల్నీ చుట్టూ దింపాను. అవి ఎంత తిన్నా బెదరవు. రెండు రౌండ్ల తర్వాత రాక్షసుడి ప్రాణం సగం కిందకు వచ్చింది. "మొరాల్," అన్నాను. అతను పాచిక రెండు చేతుల మధ్య చాలాసేపు గలగలలాడించి వేశాడు. తొమ్మిది. ఆరు కలిపితే పదిహేను. అతని కమాండర్ రేటింగ్ 5. ఆరు గడుల లోపలుండి ఉంటే సరిగ్గా ఇరవై అయ్యేది, రాక్షసుడు నిలబడేవాడు. పరుగెత్తుతుంటే పక్కనున్న అస్థిపంజరాలు వెనక నుంచి వేసిన దెబ్బలకు అక్కడే పోయాడు. సగం సైన్యం ఒక్క పాచికలో ఖాళీ. "సూపర్ గురూ" అని ఆ అబ్బాయి లేచి చెయ్యి కలిపాడు. అంత హుందాగా ఓడిపోయే ఆటగాళ్లు మన ఊళ్లో ఉన్నందుకు నాకు గర్వంగా ఉంటుంది.

ఆ రోజు అదృష్టం లేదా అంటే ఉంది, తొమ్మిది బదులు పద్నాలుగు పడొచ్చు. కానీ పద్నాలుగు కావాల్సిన పరిస్థితికో, కమాండర్ పక్కనుండి తొమ్మిదే చాలే పరిస్థితికో మనల్ని నడిపించేది మన కూర్పూ, బొమ్మల్ని నిలబెట్టే తీరూ. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు అది.

చిన్న చిన్న సంగతులు కొన్ని. డబ్బాల్లో ఏళ్ల తరబడి ఇరుక్కుని ఉండటం వల్ల కత్తులు, ఈటెలు వంకరపోయి ఉంటాయి. చేత్తో బలవంతంగా వంచకండి. కెఫే వాళ్లను గ్లాసుడు వేడినీళ్లు అడిగి, కాసేపు ముంచి, నిటారుగా సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే అలాగే నిలుస్తాయి. బొమ్మ అడుగున పేరు, అరుదుదనం గుర్తు ఉంటాయి: చుక్క కామన్, డైమండ్ అన్‌కామన్, నక్షత్రం రేర్. కార్డులు కలిసిపోయినప్పుడు జత కుదర్చడానికి అవి పనికొస్తాయి. పెన్సిలూ కాగితమూ తీసుకెళ్లండి, ప్రాణాల లెక్క ఫోన్‌లో రాసుకుంటే ఎదుటివాళ్లకు కనబడదు, అనవసరంగా పేచీ వస్తుంది. ఆదివారం అయినా సరే, అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా వచ్చేట్టయితే గంట ముందు బయల్దేరండి. కూర్పు కట్టే సమయం పోగొట్టుకున్నవాళ్లు రోజంతా ఆ ఇబ్బందే పడతారు. గడియారం విషయం ఇంకొకటి: ప్రతి రౌండుకూ టైముంటుంది, టైమైపోతే ఎవరి ఖాతాలో పాయింట్లు ఎక్కువుంటే వాళ్లదే గెలుపు. ముందంజలో ఉన్నా మీ వంతు త్వరగా ముగించండి, టైము సాగదీసి గెలిచేవాళ్లంటే నాకు సుతరామూ గిట్టదు.

ఇక మీ అమ్మాయి. తప్పకుండా తీసుకురండి, అయితే పక్కన కూర్చోబెట్టడానికి కాదు, ఆమె పేరున కూడా సీటు తీసుకోండి. సీల్డ్‌లో ఉన్న గొప్పతనం ఇదేనండీ. మామూలు టోర్నమెంట్‌కు జనం ఇళ్ల నుంచి ఏరి కోరి కొన్న సైన్యాలతో వస్తారు, డబ్బు పెట్టినవాడిది పైచేయి. ఇక్కడ ముప్పై ఏళ్ల ఇంజనీరుకూ ఏడో తరగతి పిల్లకూ చేతిలో ఉన్నవి రెండేసి డబ్బాలే. 20లోంచి 6 తీసేయడం, ఆరు గడులు లెక్కపెట్టడం వస్తే చాలు. ఇందిరానగర్‌లో ఆ ఈడు పాప ఒకతె వరసగా ఇద్దరు పెద్దవాళ్లను ఓడించడం నా కళ్లతో చూశాను. సైన్యం కట్టే సమయంలో మాత్రం నిర్వాహకుల అనుమతి అడిగి పక్కన కూర్చుని కార్డులు చదివి పెట్టండి. ఏది తీసుకోవాలో మీరు చెప్పకండి, ఆమెనే ఎంచుకోనివ్వండి. రౌండ్లు మొదలయ్యాక మీ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పోటీ పడొచ్చు, మొదటి రౌండులోనే అలా పడకుండా చూడమని కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచండి.