పాత కారే కదా, థర్డ్ పార్టీ ఒక్కటి కడితే సరిపోతుందా?

దేవరకొండ నుంచి మీరు అడిగింది ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో 2017 మోడల్ డీజిల్ కారు కొన్నారు. పాలసీ వచ్చే నెలలో అయిపోతుంది. ఫుల్ ఇన్సూరెన్స్ (పాలసీ కాగితంలో దీన్నే ప్యాకేజీ అంటారు) అంటే థర్డ్ పార్టీ కన్నా ఏడెనిమిది వేలు ఎక్కువ పడుతోంది. బంపర్ పోతే సొంత డబ్బుతో వేయించుకుంటాను, పాత బండికి అంత దండగ ఎందుకు అని మీ ప్రశ్న.

మీరు కారు రేటు చూసి లెక్క వేస్తున్నారు. ముందు ఆ కార్లో ఎక్కే మనుషుల సంగతి చూడండి. ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే, రోడ్డు మీద నడిచేవాళ్లకు, ఎదుటి బండిలో వాళ్లకు అది పనికొస్తుంది. మీ వెనక సీట్లో కూర్చున్న వదినకో, పక్కింటాయనకో ఏమైనా జరిగితే ఆ పాలసీ నుంచి పైసా రాదు. ఈ మాట చాలామంది ఏజెంట్లు చెప్పరు. మా ఇంట్లో మా చిన్నాయన కేసు వచ్చినప్పుడే అందరికీ తెలిసింది.

చిన్నాయన వాళ్లు మిర్యాలగూడ వైపు ఉంటారు. ఒక అమావాస్యకు చెర్వుగట్టు గుడికి బయల్దేరారు. బండి చిన్నాయన పేరు మీద ఉంది, నడిపింది వాళ్ల అబ్బాయి, లైసెన్సు సరిగ్గానే ఉంది. సీటు ఖాళీ ఉందని అదే వాడలో ఉండే మేస్త్రీని కూడా ఎక్కించుకున్నారు. అద్దంకి రోడ్డు మీద బర్రె అడ్డం వస్తే తప్పించబోయి కల్వర్టు గోడకు గుద్దుకుంది. ఎదుటి బండి ఏదీ లేదు. మేస్త్రీ చనిపోయాడు. ఆయనకు భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి.

మేస్త్రీ భార్య నల్లగొండ కోర్టులో క్లెయిమ్ వేసింది. వేయడం న్యాయమే, ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. నేను నల్లగొండలోనే ఉంటాను కాబట్టి చిన్నాయన వాయిదాలకు తోడు వెళ్లేవాణ్ని. కంపెనీ తరఫు వకీలు పాలసీ కాపీ చూపించి వాదించింది ఒకటే: ఇది యాక్ట్ పాలసీ, అంటే చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ ఒక్కటే, కార్లో ప్రయాణించేవాళ్లు ఇందులోకి రారు. కాగితంలో ప్రీమియం పట్టిక రెండు భాగాలుగా ఉంటుంది. ఒక పక్క ఓన్ డ్యామేజ్, అంటే సొంత కారుకు జరిగే నష్టం; ఇంకో పక్క లయబిలిటీ, అంటే ఇతరులకు మనం కట్టాల్సిన పరిహారం. చిన్నాయన పాలసీలో ఓన్ డ్యామేజ్ పక్కన అన్నీ సున్నాలే. ఇంకో పక్క బేసిక్ థర్డ్ పార్టీ, దాని కింద ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా, అంతే. కంపెనీ మీద కేసు నిలబడలేదు. మొత్తం చిన్నాయనే కట్టాలని తీర్పు వచ్చింది.

ఎంత పడుతుందో మీకు అంచనా ఉండాలి. ఇలాంటి క్లెయిములు విచారించే కోర్టును ట్రిబ్యునల్ అంటారు. అది గాలిలో అంకె వేయదు, సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఖాయం చేసిన లెక్క ఉంది. ఉదాహరణకు 34 ఏళ్ల మనిషి నెలకు 15,000 సంపాదించేవాడు అనుకుందాం. ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు, 2,52,000 అవుతుంది. ఇంట్లో ఆధారపడినవాళ్లు నలుగురు ఉంటే అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 1,89,000 మిగులుతుంది. ఆ వయసుకు 16తో గుణిస్తారు. 30,24,000 రూపాయలు. దాని మీద అంత్యక్రియల ఖర్చు లాంటివి కొన్ని, ఆ పైన వడ్డీ. ఇది మేస్త్రీ పని చేసే మనిషి లెక్క. అదే సీట్లో మంచి జీతమున్న ఉద్యోగి ఉంటే కోటి కూడా దాటవచ్చు.

కట్టకపోతే ఏమవుతుంది అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టర్‌కు సర్టిఫికెట్ పంపగలదు, అప్పుడు ఆ సొమ్మును భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేస్తారు. పాసుబుక్కులో ఉన్న భూమికి ముప్పు వస్తుంది. చిన్నాయన అంతదాకా రానివ్వకుండా ముందే భూమి అమ్మకానికి పెట్టాడు. అవసరానికి అమ్మేవాడికి రేటు ఎవరిస్తారు? ఇవతల ఆయన భూమి పోయింది, అవతల ఆమెకు డబ్బు ఒకేసారి అందలేదు, విడతలు విడతలుగా వచ్చింది. రెండు ఇళ్లూ ఒకే వాడలో ఉన్నాయి, పలకరింపులు లేవు. ప్యాకేజీ పాలసీ ఉండి ఉంటే ఆమెకు కంపెనీ కట్టేది, వీళ్ల మధ్య ఆ పగ పుట్టేది కాదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ప్యాకేజీ పాలసీలో కార్లో కూర్చున్నవాళ్లు కూడా వస్తారని బీమా నియంత్రణ సంస్థ 2009లోనే కంపెనీలకు స్పష్టం చేసింది. యాక్ట్ పాలసీకి, ప్యాకేజీకి ఉన్న ఈ తేడాను సుప్రీంకోర్టు 2012లో మళ్లీ చెప్పింది. ఒక షరతు ఉంది, వాళ్లను కిరాయికి ఎక్కించుకుని ఉండకూడదు. మన దగ్గర తెల్ల బోర్డు కారును శ్రీశైలానికో, పెళ్లికో డీజిల్ పోయించుకుని కిలోమీటరుకు ఇంత అని ఇవ్వడం మామూలే. ఆ పని చేస్తే ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా చిక్కే. దయచేసి చేయకండి.

ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా ఉంది కదా అని చాలామందికి ధీమా. అది ఆర్‌సీలో పేరున్న, లైసెన్సు ఉన్న యజమానికి మాత్రమే. నాన్న పేరు మీద బండి, నడిపేది కొడుకు అయితే కొడుకుకు రాదు. చిన్నాయన వాళ్ల అబ్బాయికి కాలు విరిగింది, ఆ ఆస్పత్రి ఖర్చు కూడా చేతి నుంచే పెట్టుకున్నారు.

మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఇంకో సంగతి అర్జెంటు. ఆర్‌సీతో పాటు పాలసీ కూడా మీ పేరు మీదికి మారిందా? బండి చేతులు మారిన 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. థర్డ్ పార్టీ భాగం దానంతట అదే మీకు వస్తుంది గానీ, ఓన్ డ్యామేజ్ భాగం పేరు మారేదాకా మీకు రాదు. పాత ఓనర్ పేరు మీదే పాలసీ నడుస్తుంటే రేపు కారు నుజ్జయినా అడిగే హక్కు ఉండదు. పాత ఓనర్‌కున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా మీకు రాదు, అది ఆయనది. మీకు అమ్మినాయనకు కూడా చెప్పండి, ఆర్‌సీలో ఆయన పేరు ఉన్నంతకాలం ప్రమాదం జరిగితే కోర్టు ఆయన్నే ఓనర్ అంటుంది. 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

ఇక రేటు. 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ 2022 జూన్‌లో ఖరారైన రేటు ప్రకారం 3,416 రూపాయలు, జీఎస్టీ వేరు. ఇది ఏ కంపెనీలోనైనా ఒకటే, దీని మీద బేరం లేదు. ఓన్ డ్యామేజ్ భాగం మీదే కంపెనీకో రేటు ఉంటుంది, కాబట్టి మూడు నాలుగు చోట్ల అడగండి. మీ ఏజెంట్ చెప్పిన ఏడెనిమిది వేలు తగ్గవచ్చు. తగ్గించడానికి ఐడీవీని, అంటే పాలసీలో కారుకు రాసే విలువను, మరీ కిందికి దించితే మాత్రం ఒప్పుకోకండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసుకుంటారు, అప్పుడు చేతికొచ్చేది ఆ ఐడీవీ లెక్కనే.

జీరో డెప్ (సామాన్ల తరుగు కోయకుండా ఇచ్చే కవర్) లేదని బాధపడొద్దు, ఇంత పాత కార్లకు చాలా కంపెనీలు ఇవ్వవు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామాన్ల మీద సగం, అయిదు నుంచి పదేళ్ల మధ్య బండికి ఇనుప భాగాల మీద 40 శాతం మీరే పెట్టుకోవాలి. దాన్ని భరించవచ్చు. అలాయ్ వీల్స్‌కు, తాళం చెవికి యాడ్ ఆన్‌లు అంటగడతారు, వద్దనండి. ఇంజిన్ ప్రొటెక్ట్ ఇస్తే ఆలోచించండి, నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే మామూలు ప్యాకేజీలో రాదు. 2024 సెప్టెంబర్‌లో కోదాడలో కార్లు ఎలా కొట్టుకుపోయాయో చూశాం కదా.

గడువు దాటనివ్వకండి. దాటితే కారు ఫొటోలు, ఇన్‌స్పెక్షన్ అంటారు, 90 రోజులు దాటితే మీరు సంపాదించుకున్న బోనస్ కూడా పోతుంది. రేపే పాలసీ మొదటి పేజీ తీసి అందులో పేరు ఎవరిదో, పైన 'లయబిలిటీ ఓన్లీ' అని ఉందో 'ప్యాకేజీ' అని ఉందో చూసుకోండి. ఏజెంట్‌ను 'కార్లో కూర్చున్నవాళ్లకు లయబిలిటీ వస్తుందా, పాలసీలో ఏ లైనులో ఉంది?' అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. పేరు మారి, ప్యాకేజీ చేతికి వచ్చేదాకా ఆ బండిలో ఎవరినీ ఎక్కించుకుని ఊళ్లు తిరగకండి.