ఆమె ఇంటిపేరు ఎవరూ అడగలేదు

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. భాష బాగుంది, అందులోని కోపం నిజమైనది. కానీ మూడింటిలోనూ ఒకే లోటు కనిపించింది. వార్తలో ఏముందో చెప్పి, దాని మీద నీ అభిప్రాయం రాశావు. ఆ వార్తను నీ దాకా ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో ఒక్కచోటా అడగలేదు.

1990 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో, అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి ఏడుస్తూ మాట్లాడింది. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైనికులు అక్కడి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి పసికందులను తీసి నేల మీద వదిలేశారని చెప్పింది. పేరు నయీరా అన్నారు, అంతే. ఆ కథ టీవీల్లో మారుమోగింది. అధ్యక్షుడు బుష్ దాన్ని పదేపదే ప్రస్తావించారు. 1991 జనవరిలో ఇరాక్ మీద అమెరికా కూటమి యుద్ధం మొదలైంది. ఆ మరుసటి ఏడాది జనవరిలో గానీ అసలు సంగతి బయటికి రాలేదు. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. ఆమెను అక్కడికి తెచ్చిన ప్రచారాన్ని నడిపింది హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ (ప్రజాసంబంధాల) సంస్థ, దానికి డబ్బు ఎక్కువగా ఇచ్చింది కువైట్ ప్రభుత్వం. ఆ కథకు ఆధారాలు కూడా దొరకలేదు.

ఆ రోజు వార్త రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. విన్నది విన్నట్టు రాశారు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. ఆ అమ్మాయి ఎవరి కూతురో ఆనాడే గట్టిగా అడిగి ఉంటే ఆ కన్నీళ్లను జనం వేరేగా చూసేవాళ్లు కదా!

పదాల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. ఛార్జీలు పెంచినవాళ్లు 'సవరించాం' అంటారు. ఉద్యోగులను తీసేసినవాళ్లు 'పునర్వ్యవస్థీకరణ' అంటారు. నీ రెండో వ్యాసంలో 'సవరణ' నాలుగుసార్లు వచ్చింది. 'పెంపు' అని రాయి. నేను కొత్తలో ఒక ప్రెస్ నోట్ ముందు పెట్టుకుని వ్యాసం రాశాను. అచ్చయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే విశేషణాలన్నీ వాళ్లవే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి వార్తనూ అలా పోల్చడం అలవాటైంది, నువ్వూ చెయ్యి.

అలాగని ప్రతి ప్రకటననూ మోసం అనుకోకు. 1982లో షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో ఎవరో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. వాటిని వాడొద్దని కంపెనీయే చెప్పి, దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలను దేశమంతటా వెనక్కి తీసుకుంది. అలాంటిది కనిపిస్తే మెచ్చుకుంటూ రాయడానికి మొహమాటపడకు.

మూడో వ్యాసం తిరిగి పంపుతున్నాను. నాలుగో పేరాలోని అంకె కింద గీత గీశాను. అది ఎవరు లెక్కపెట్టారో, ఆ లెక్కకు డబ్బు ఎవరిచ్చారో కనుక్కుని ఆ పేరా మళ్లీ రాయి. ఆలస్యమైనా పర్వాలేదు, టెన్షన్ పడకు.

మీ అన్నయ్య